కాలువలు కట్టిన ఏడాది

2022 ఏప్రిల్. విజయవాడలో ఏప్రిల్ ఎండ గురించి నేను కొత్తగా చెప్పేదేముంది! నీళ్ళు ఆపి కాలువలు కట్టేసి అప్పటికి కొద్ది రోజులే అయింది. మా ఇంటి నుంచి సూర్యారావుపేటలో నేను పనిచేసే ఆసుపత్రికి వెళ్ళాలంటే ఒక కాలువ వంతెన దాటాలి. నీళ్ళు లేక గుర్రపుడెక్క ఎండిపోయి, అడుగున ఉన్న చెత్తంతా బయటపడి, కంపు కొట్టేది. ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకుని, "ఈ కాలువల్ని ఎందుకు కట్టేస్తారో ఏం పాడో" అని తిట్టుకుంటూ దాటేదాన్ని. మాది మైలవరం, మెట్ట ప్రాంతం. మా నాన్నకు తెలిసిన నీళ్ళు వాన నీళ్ళు, చెరువు నీళ్ళు, ఆ తర్వాత బోరు నీళ్ళు. కాలువ ఎప్పుడు కడతారు, ఎప్పుడు వదులుతారు అన్నది మా ఇంట్లో ఎవరూ ఎన్నడూ మాట్లాడుకోలేదు. ఇప్పుడు చెప్పబోయే దానికీ దీనికీ సంబంధం ఉంది కాబట్టి ముందే చెప్తున్నాను.

నేను గుండె డాక్టర్ని. హార్ట్ ఫెయిల్యూర్ ఉన్నవాళ్ళను ఎక్కువగా చూస్తాను. ఈ జబ్బుకు ఆ పేరు పెట్టిన మహానుభావుడెవరో గానీ నాకు దొరికితే కడిగేసేదాన్ని. ఆ మాట వినగానే గుండె ఆగిపోయిందనుకుని ఇంటిల్లిపాదీ ఏడుపు లంకించుకుంటారు. ఆగిపోవడం కాదు. గుండె కండరం నీరసించి, ఒంటికి కావలసినంత రక్తాన్ని తొయ్యలేకపోవడం. ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం వస్తుంది, కాళ్ళు పొంగుతాయి, నాలుగు అడుగులు వేస్తే కూర్చోవాలనిపిస్తుంది.

నాగభూషణం గారు ఆ ఏప్రిల్లోనే వచ్చారు. అరవై దాటిన మనిషి, పొడగరి, తెల్ల పంచె. బంటుమిల్లి అవతల, కాలువ చివరన ఉన్న ఊరు. అక్కడి నీటి సంఘానికి ఆయన అధ్యక్షుడు. ఆయన భార్య సామ్రాజ్యం గారు ఒక చేత్తో ఆయన జబ్బ పట్టుకుని, ఇంకో చేత్తో మంచినీళ్ళ సీసా పట్టుకుని వచ్చారు. ఆయన కుర్చీలో కూర్చుని ఊపిరి కూడదీసుకునే లోపు ఆవిడ మొదలుపెట్టేసింది.

"ఎవరి మాటా వినరమ్మా. నెలన్నర నుంచి ఆయాసం. డాక్టరు దగ్గరికి పోదామంటే కాలువ పనులున్నయ్యంటారు. మీరే గట్టిగా చెప్పాలి."

"చెప్తే వింటానే. చెప్పేవాళ్ళు సరిగ్గా చెప్పాలిగా," అన్నారాయన ఆయాసపడుతూనే.

ఎకో చేశాం. అంటే ధ్వని తరంగాలతో గుండె కదలికను తెర మీద చూడటం. అందులో మేము ముఖ్యంగా చూసేది ఎజెక్షన్ ఫ్రాక్షన్. గుండెలో చేరిన రక్తంలో ఒక్కో దెబ్బకు ఎంత భాగం బయటికి వెళ్తోందన్న లెక్క అది. బాగున్న గుండె సగానికి పైగా తోస్తుంది. ఈయనది పావు వంతు తోస్తోంది. యాంజియోగ్రామ్ కూడా చేశాం. రక్తనాళాల్లో అడ్డేమీ లేదు.

"నాళాలు శుభ్రంగా ఉన్నయ్యంటున్నారు. మరి గుండెకేం రోగం?" అన్నారు.

ఈ ప్రశ్న అడిగేవాళ్ళు తక్కువ. 'బతుకుతానా, ఎంతవుతుంది, చేపలు తినొచ్చా' అని అడుగుతారు. చదువుకునే రోజుల్లో నేను మొదటి సంవత్సరం పిల్లలకు ఫిజియాలజీ చెప్పేదాన్ని. గుండె కణంలో కాల్షియం ఎలా తిరుగుతుందన్నది నాకు ప్రాణం. మా తోటి డాక్టర్లు నా వెనకాల నన్ను 'కాల్షియం మేడమ్' అనుకుంటారని నాకు తెలుసు. ఇక ఈయన అడగనే అడిగారు. బయట ఎంతమంది కూర్చున్నారో కూడా మర్చిపోయి మొదలుపెట్టాను.

గుండె కండరం కోట్ల కణాల కట్ట. ప్రతి కణంలోనూ కాల్షియం దాచుకునే ఒక కొట్టు ఉంటుంది. పైనుంచి కరెంటు సంకేతం రాగానే బయటి నుంచి కాస్త కాల్షియం కణంలోకి వస్తుంది. అది వచ్చి కొట్టు తలుపులు తెరుస్తుంది. లోపలి కాల్షియమంతా ఒక్కసారిగా బయటికి వచ్చి కండరాన్ని ముడుచుకునేలా చేస్తుంది. అదే గుండె దెబ్బ. వెంటనే చిన్న చిన్న పంపులు ఆ కాల్షియాన్ని తోడి మళ్ళీ కొట్లో పోస్తాయి, కండరం వదులవుతుంది. ఆ వదులైన కాసేపట్లోనే గుండె రక్తంతో నిండుతుంది. నీరసించిన గుండెలో ఈ పంపులు తగ్గిపోతాయి. కొట్టు తలుపులు సరిగ్గా పడక కాల్షియం కారిపోతూ ఉంటుంది. కొట్లో సరుకు లేదు కాబట్టి దెబ్బలో బలం ఉండదు. కాల్షియం పూర్తిగా వెనక్కి వెళ్ళదు కాబట్టి కండరం పూర్తిగా వదులవ్వదు. పైగా ఆ కారిన కాల్షియం వల్ల గుండె మధ్య మధ్యలో తప్పు దెబ్బలు కొడుతుంది.

"అయితే పాలు, పెరుగు ఎక్కువ పెట్టమంటారా అమ్మా?" అంది సామ్రాజ్యం గారు.

"మీరు పాలకుండలో ముంచినా ఆయన గుండెకు ఒరిగేదేమీ లేదండీ. కాల్షియానికి కొరత లేదు, తిరగాల్సినట్టు తిరగడం లేదు. అంతే," అన్నాను.

నాగభూషణం గారు నవ్వలేదు. తువ్వాలు మడత పెడుతూ కాసేపు ఆలోచించారు.

"ఇది మా కాలువే కదండీ," అన్నారు. "పైన తూము షట్టరు సరిగ్గా పడదు, నీళ్ళు ఊరికే కారిపోతయ్. మా వంతు వచ్చేసరికి కాలువలో నీళ్ళుండవ్. ఇటు మురుగు కాలువ పూడిపోయి చేలో నీళ్ళు బయటికి పోవు. కావాల్సినప్పుడు రావు, వద్దన్నప్పుడు పోవు."

నేను కుర్చీలో ముందుకు జరిగాను. నేను ఇంతసేపు చెప్పింది ఆయన నాలుగు ముక్కల్లో చెప్పేశారు. ఆ ఉత్సాహంలోనే మందుల సంగతి ఎత్తాను. నీరు తీసే బిళ్ళ, ఇంకో రెండు బిళ్ళలు, వాటితో పాటు బీటా బ్లాకర్. గుండె నీరసించినప్పుడు ఒళ్ళు కంగారుపడి అడ్రినలిన్ అనే రసాయనాన్ని వదులుతుంది. అది అలసిన ఎద్దును ములుగర్రతో పొడిచినట్టు గుండెను పరుగెత్తిస్తూనే ఉంటుంది. కొట్టు తలుపులు ఇంకా వదులవుతాయి. బీటా బ్లాకర్ ఆ పోటును ఆపుతుంది. గుండె నెమ్మదిస్తుంది, కొట్టు నిండటానికి వ్యవధి దొరుకుతుంది, నెలల మీద పంపులు కొంత కోలుకుంటాయి.

"ఎండాకాలం కాలువలు కట్టేసినట్టా?" అన్నారు. "నీళ్ళు పారుతుంటే పూడిక తియ్యలేం, షట్టర్లు బాగుచెయ్యలేం. కట్టేస్తేనే పని జరుగుద్ది."

"అదేనండీ! సరిగ్గా అదే!" అన్నాను. బల్ల మీద చెయ్యి కూడా చరిచినట్టున్నాను.

"ఎన్నాళ్ళు కట్టాలి?"

"మీది పెద్ద మరమ్మతు. ఏడాది పోయాక ఎకో తీసి చూద్దాం."

"పెద్ద మరమ్మతైతే దాళ్వాకి, అదే రెండో పంటకి కూడా నీళ్ళివ్వరులెండి. ఒక పంట పోద్ది. పోనీండి," అని చీటీ తీసుకుని లేచారు.

ఆ బీటా బ్లాకర్ బిళ్ళతో ఒక చిక్కుంది. మొదలుపెట్టిన కొత్తలో మనిషి ఇంకా నీరసపడతాడు. గుండె నెమ్మదించింది కదా, బలం రావడానికి వ్యవధి పడుతుంది. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది ఇక్కడే మానేస్తారు. 'మీ మందు వేసుకున్నాకే మంచాన పడ్డా' అని దెబ్బలాటకు వస్తారు. మే నెలలో సామ్రాజ్యం గారు ఫోన్ చేసింది.

"మంచం దిగట్లేదమ్మా. ఆ బిళ్ళొకటి ఆపేద్దామా?"

నేను నోరు తెరిచేలోపే వెనక నుంచి ఆయన గొంతు వినిపించింది. "ఆపొద్దు! కాలువ కట్టినప్పుడు చేలో నీళ్ళెక్కడినుంచి వస్తయ్యే? ఎండిపోద్ది. అది మామూలే!"

ఫోన్ పెట్టేసి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఇలాంటి పేషెంట్లు పదిమంది ఉంటే చాలు, నా ఉద్యోగం హాయిగా సాగిపోతుందనుకున్నాను.

ఆయన కోరికేమిటో నాకు జులైలో తెలిసింది. జూన్‌లో కాలువలకు నీళ్ళు వదులుతారు. ఆ నీళ్ళతో పాటే సంఘం వాళ్ళు గట్టు వెంట నడుస్తారట. దారిలో అడ్డం పడిన చెత్త లాగేస్తూ, పైనున్న రైతులు తూముల షట్టర్లు పూర్తిగా ఎత్తి నీళ్ళు లాగేసుకోకుండా చూసుకుంటూ, చివరి బోదెలోకి, అంటే చేలకు నీళ్ళిచ్చే పిల్లకాలువలోకి నీళ్ళు ఎక్కేదాకా నడవాలి. ఆ ఏడు ఆయన మంచం మీద ఉన్నారు. పై ఊళ్ళవాళ్ళు తూములు ఎత్తేసుకున్నారు. కాలువ చివరి శివారుకు నీళ్ళు చేరేసరికి పోసిన నారుమళ్ళు మాడిపోయాయి.

"ఆ రోజు నేను గట్టు మీద ఉంటే ఎవడూ తూము మీద చెయ్యెయ్యడండీ," అన్నారు. "వచ్చే జూన్‌కి నన్ను నడిపించండి. ఇంకేం అడగను."

"నడుస్తారు," అన్నాను.

నడిచారు కూడా. కార్తీకమాసం వచ్చేసరికి ఒక్కరే బస్సెక్కి వచ్చారు. నా గది బయట కూర్చుని, బిళ్ళ వేసుకుంటే నీరసమని గొణిగే వాళ్ళకు కాలువ కట్టడం గురించి చెప్పేవారు. గన్నవరం నుంచి వచ్చే ఒక పెద్దాయన ఆయన మాట విని మానేసిన బిళ్ళ మళ్ళీ మొదలుపెట్టాడు. ఆ పెద్దాయన ఇప్పటికీ బాగున్నాడు.

2023 ఏప్రిల్లో, అన్న మాట ప్రకారం ఎకో తీశాను. పావు వంతు తోసే గుండె దాదాపు సగం తోస్తోంది. తెర ఆయన వైపు తిప్పి చూపించాను.

"చూశారా, మీ గట్లు ఎంత గట్టిపడ్డాయో!"

"మరమ్మతు అయినట్టేనా?"

"బ్రహ్మాండంగా అయింది."

"జూన్‌లో గట్టెక్కొచ్చా?"

"నిక్షేపంగా ఎక్కండి. మందులు మాత్రం వేసుకుంటూ ఉండండి."

"ఎందుకేసుకోనమ్మా, వేసుకుంటా," అని దణ్ణం పెట్టి వెళ్ళారు. మందులు వేసుకోమని అందరికీ చెప్పే మాటే ఆయనకూ చెప్పాను. వేసుకుంటానని అందరూ అనే మాటే ఆయనా అన్నారు.

తర్వాత జరిగింది సామ్రాజ్యం గారు చెప్తేనే తెలిసింది. కాలువకు నీళ్ళు వదిలిన రోజు పొద్దున బిళ్ళలన్నీ అరచేతిలో పోసుకుని, అందులోంచి బీటా బ్లాకర్ ఒక్కటి తీసి పక్కన పెట్టారట. మిగతావన్నీ వేసుకున్నారు. 'అదెందుకు తీశారు' అని ఆవిడ అడిగితే, 'కట్టేసింది చాల్లే, నీళ్ళొదిలారు' అన్నారట. నాలుగు రోజులు పోయేసరికి ఒళ్ళు తేలికపడింది. ఏడాది నుంచి వెనక్కి పట్టి ఉంచిన గుండె కదా, వదిలితే పరుగెత్తదూ! సంఘం వాళ్ళతో గట్టు వెంట నడిచారు. ఇద్దరు ముగ్గురితో తూముల దగ్గర గట్టిగా వాదించారు. శివారు బోదెలోకి నీళ్ళెక్కాయి. నారుమళ్ళు దక్కాయి. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, బురద కాళ్ళు కూడా కడుక్కోకుండా అరుగు మీద కూర్చుని ఆవిడతో, "ఆ డాక్టరమ్మకు తెలివుందే" అన్నారట.

జులై మొదట్లో ఒక మధ్యాహ్నం ఆయన్ని ఆసుపత్రికి తీసుకొచ్చారు. కూర్చున్నా ఊపిరి అందడం లేదు. మానిటర్ మీద తప్పు దెబ్బలు గుంపులు గుంపులుగా పోతున్నాయి. చూడగానే నాకు అర్థమైంది. కొట్టు తలుపులు మళ్ళీ కారుతున్నాయి.

ఎకో తెర మీద గుండె బొమ్మ బాగుపడుతుంది. కణం లోపల పంపులు అంతగా బాగుపడవు. తలుపులు మందు మీద ఆధారపడి మూసుకుని ఉంటాయి. మందు తీసేస్తే మళ్ళీ మొదటికొస్తాయి. నేను తెర తిప్పి చూపించింది గుండె గోడల్నే. లోపలి కాల్షియాన్ని ఆయనకు చూపించే యంత్రం నా గదిలో లేదు, ఎవరి గదిలోనూ లేదు. పుస్తకంలో ఉన్నది నాకు కంఠతా వచ్చు, నా ఎదురుగా ఉన్న మనిషిలో మాత్రం నేను దాన్ని చూడలేను.

బిళ్ళ ఆపారని సామ్రాజ్యం గారు చెప్పగానే నేను ఆవిడ మీద అరిచాను. "ఎవరు ఆపమన్నారండీ? ఎవర్నడిగి ఆపారు?" అని వార్డు బయట నిలబెట్టి అడిగాను. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

డోబుటమిన్ డ్రిప్ పెట్టాం. ఆపదలో గుండెను బలవంతంగా కొట్టించే మందు అది. రెండో రోజుకి ఆయన దిండుకు ఆనుకుని కూర్చున్నారు. ముఖం తేటపడింది.

"ఇదేదో బాగుందమ్మా. ఒళ్ళు తేలిగ్గా ఉంది. ఇదే రాసివ్వరాదూ?"

"ఇది గుండెలోకి కాల్షియాన్ని తోసి కొట్టిస్తుందండీ. నాలుగు రోజులు బాగుంటుంది, తర్వాత ఉన్న గుండెను కూడా అరగదీస్తుంది. ఇంటికి రాసిచ్చేది కాదు." డ్రిప్ వేగం సరిచూసి అడిగాను. "ఆ బిళ్ళ ఎందుకు మానేశారండీ? మీరు మానేస్తారని నేను కల్లో కూడా అనుకోలేదు."

ఆయన నన్ను విచిత్రంగా చూశారు.

"మానెయ్యడం ఏంటమ్మా! కాలువ కట్టమన్నారు, కట్టాను. ఏడాదన్నారు, ఒక పంట కూడా వదులుకున్నాను. మరమ్మతు అయిందన్నారు. ఇక నీళ్ళొదలాలిగా?"

నేను కేస్ షీట్ మూసి మంచం పక్కన కుర్చీలో కూర్చున్నాను.

"జూన్‌లో తెరవడానికే కదమ్మా కాలువ కట్టేది. తెరవకుండా ఊరుకుంటే అది కాలువెందుకవుద్ది?" అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు. నిజంగానే అడుగుతున్నారు.

నిజమే కదా! డెల్టాలో పుట్టిన ఏ పిల్లాడినడిగినా చెప్తాడు, కట్టేసిన కాలువకు జూన్ వస్తుందని. నాకు కాలువంటే వంతెన మీద ముక్కు మూసుకుని దాటే చోటు. కట్టెయ్యడం దగ్గరే నా కాలువ ఆగిపోయింది. ఆయన కాలువ నీళ్ళు వదిలేదాకా వెళ్ళింది.

"గుండెకు జూన్ లేదండీ," అన్నాను చివరికి. "దీన్ని ఎప్పటికీ కట్టే ఉంచాలి."

ఆయన కిటికీ వైపు తిరిగారు. "ఆ ముక్క అప్పుడే చెప్తే బాగుండేదమ్మా. అట్టాగే ఉంచేవాణ్ణిగా," అన్నారు.

బీటా బ్లాకర్ మళ్ళీ మొదలుపెట్టబోతే బీపీ పడిపోయింది. చిన్న మోతాదుతో ఇంకోసారి ప్రయత్నించాం, నిలవలేదు. గుండె మార్పిడి మాట ఎత్తితే, "ఇంకొకళ్ళ గుండె నాకొద్దమ్మా" అని రెండు చేతులూ జోడించారు. గుండె మళ్ళీ సగం దాకా రాలేదు, పావు దగ్గరే ఉండిపోయింది. ఆ ఏడు నాలుగైదుసార్లు వచ్చి వెళ్ళారు. వచ్చిన ప్రతిసారీ ఇంకొంచెం చిక్కిపోయి కనిపించేవారు. బయట కుర్చీల్లో కూర్చున్నా ఎవరికీ ఏమీ చెప్పేవారు కాదు. తర్వాతి ఫిబ్రవరిలో, దాళ్వా చేలు పచ్చగా ఉన్న రోజుల్లో పోయారు.

కొన్నాళ్ళకు సామ్రాజ్యం గారు తన బీపీ చూపించుకోవడానికి వచ్చింది. నేను లేచి ఎదురెళ్ళి కూర్చోబెట్టాను. ఆ రోజు అరిచినందుకు క్షమించమని అడిగాను.

"అయ్యో, మీరనాల్సిన మాటా అది!" అంది. బీపీ చూసి పట్టీ విప్పుతుంటే మెల్లిగా అంది. "నలభై ఏళ్ళ కాపురంలో ఆయన నా మాట ఒక్కటీ వినలేదమ్మా. ఎవరి మాటా వినలేదు. మీ మాటొక్కటే విన్నారు."

ఆవిడ నన్ను ఓదార్చడానికే అంది. అంతకంటే పెద్ద దెబ్బ నాకు ఈ ఉద్యోగంలో తగల్లేదు. మందు మానేసిన పేషెంటని ఆయన్ని లెక్కేసుకుని ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది. ఆయన మానలేదు. నేను చెప్పింది చెప్పినట్టు చేశారు.

మా తోటి డాక్టర్లు, "మందులు వేసుకోమని చెప్పావుగా, నీ తప్పేముంది" అంటారు. తప్పొప్పుల సంగతి కాదిది. అంత బాగా అర్థం చేసుకున్న మనిషి ఆ అర్థం వల్లనే పోయారే అన్నది నా బాధ. అర్థం కాని వాళ్ళు ఎన్నాళ్ళు వేసుకోవాలని పదిసార్లు అడిగి విసిగిస్తారు. అర్థమైన వాళ్ళు ఇక అడగరు.

మొన్న కొండపల్లి నుంచి ఒకాయన వచ్చాడు. థర్మల్ స్టేషన్‌లో పని. అవే పొంగిన కాళ్ళు, అదే ఆయాసం. బీటా బ్లాకర్ గురించి చెప్తుంటే ఆయన ముఖం వెలిగింది.

"అర్థమైంది మేడమ్! మా యూనిట్‌ని షట్‌డౌన్‌లో పెట్టినట్టు. అంతేగా?"

నా చెయ్యి బల్ల మీదకు పోబోయింది. వెనక్కి తీసుకున్నాను.

"షట్‌డౌన్ చేశాక ఏం చేస్తారండీ?" అని అడిగాను.

"రిపేర్లన్నీ చేసి మళ్ళీ ఫుల్ లోడ్ మీద స్టార్ట్ చేస్తాం మేడమ్."

"అయితే అది కాదు," అన్నాను. ఆయన ముఖం చిన్నబోయింది. కుర్చీ దగ్గరికి లాక్కుని మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను. బయట చాలామంది ఉన్నారని నర్సు తొంగిచూసి సైగ చేసింది. ఉండమన్నాను. 'ఆ తర్వాత ఏం చేస్తారు' అని నాగభూషణం గారిని అడగాల్సిన ఆ ఒక్క ప్రశ్ననూ ఇప్పుడు అందర్నీ అడుగుతున్నాను, ఆయన్ని తప్ప.